వంటలక్క రంగు ఎవరిది?



ఈసారి ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను.

కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక కాలేజీలో వార్షికోత్సవానికి పిల్లలు స్కిట్ తయారుచేశారు. 'కార్తీక దీపం' సీరియల్ మంచి ఊపు మీదున్న రోజులు. వంటలక్క డాక్టర్ బాబుని కోర్టుకి ఈడిస్తే ఎలా ఉంటుందన్నది కథ. వంటలక్క వేషం బీఏ సెకండియర్ అమ్మాయికి ఇచ్చాం. ఎస్సీ హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల. మూడు వారాలు రిహార్సల్ చేసింది. తన డైలాగులే కాదు, జడ్జి డైలాగులు కూడా ఆమెకి నోటికొచ్చు. ఫంక్షన్ రెండు రోజులుందనగా కల్చరల్ కమిటీ ఆ పిల్లని తీసేసి ఇంకో అమ్మాయిని పెట్టింది. కొత్తమ్మాయి ఎర్రగా బుర్రగా ఉంటుంది. ఆమె మొహానికి, మెడకి, మోచేతుల దాకా ముదురు రంగు పూసి వంటలక్కని చేశారు.

తీసేసిన పిల్ల ఏడవలేదు. నా దగ్గరికొచ్చి ఒక్కటే అడిగింది. "మేడమ్, నన్నే ఉంచితే రంగు ఖర్చు కూడా ఉండేది కాదు కదా?"

ఆ కమిటీలో నేనూ ఉన్నాను. "స్టేజి లైట్లకి మరీ నల్లటి మొహం ఆనదండీ" అని ఒక పెద్దాయన అంటే ఎవరం ఎదురు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ రోజు ఆ పిల్లకి ఇవ్వలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ఆ పెద్దాయన మాట ఆయన సొంతం కాదు. రోజూ రాత్రి ఏడున్నరకి ఇంటింటా టీవీ నేర్పిన పాఠం అది. 'కార్తీక దీపం' స్టార్ మాలో 2017 అక్టోబర్‌లో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. అంతకు ముందు అది మలయాళ కథ. 2014లో ఏషియానెట్‌లో 'కరుత్తముత్తు' పేరుతో వచ్చింది. కరుత్తముత్తు అంటే నల్ల ముత్యం. నల్లగా పుట్టిన ఒక ఆడపిల్ల, ఆమెను ప్రేమించి పెళ్ళాడి తర్వాత అనుమానించి వెళ్ళగొట్టే డాక్టరు, వాళ్ళ పిల్లలు. ఈ కథే కన్నడంలో 'ముద్దులక్ష్మి', తమిళంలో 'భారతి కణ్ణమ్మ', మరాఠీలో 'రంగ్ మాఝా వేగళా', హిందీలో 'కార్తీక్ పూర్ణిమ' అయింది. నలుపుకి ఇన్ని భాషల్లో ఇంత గిరాకీ ఉందని మనకి ఎవరూ చెప్పలేదు!

ఇప్పుడు ఆ పాత్ర వేసినవాళ్ళని చూడండి. మలయాళంలో మొదట ప్రేమి విశ్వనాథ్ వేశారు. నడుస్తున్న సీరియల్ మధ్యలో ఆమె పోయి రేణు సౌందర్ వచ్చారు. కథలో కార్తిక అదే కార్తిక, మొహం మారింది. ఇద్దరూ తెర బయట అంత నలుపేమీ కాదు. ఇద్దరికీ రంగు పూశారు. అక్కడ పాత్ర పోయిన ప్రేమి విశ్వనాథ్ తెలుగులో దీపగా వచ్చారు, మళ్ళీ రంగు పూసుకునే. మరాఠీలో రేష్మా షిండేకీ రంగే. తమిళంలో కణ్ణమ్మగా రోషిణి హరిప్రియన్ ఎంత పేరు తెచ్చుకున్నారో అందరికీ తెలుసు. 2020లో ఆమె సంచీ భుజానేసుకుని రోడ్డు వెంట నడుస్తూ పోయే సీను మీద వచ్చిన మీమ్స్ తమిళం రానివాళ్ళు కూడా పంచుకున్నారు. 2021 చివర్లో ఆమె తప్పుకుంటే వినుషా దేవి వచ్చారు. వీళ్ళిద్దరూ సహజంగానే చామనఛాయ వాళ్ళు. అయినా తెర మీది కణ్ణమ్మ వాళ్ళకంటే నలుపే. అంటే నలుపున్న మనిషి దొరికినా చాలలేదు. సీరియల్ వాళ్ళ ఊహలో నలుపు ఎంత ఉండాలో ఒక కొలత ఉంది. ఆ కొలతకి వచ్చేదాకా పూశారు.

సీరియల్లో నటి మారినప్పుడు తెర కింద ఒక వరస వేస్తారు, ఇక నుంచి ఈ పాత్రలో ఫలానావారు అని. రెండు రోజులు ఇంట్లో ఆడవాళ్ళు "పాతామే బాగుంది" అనుకుంటారు. మూడో రోజుకి అలవాటు పడతారు. కార్తిక విషయంలో, కణ్ణమ్మ విషయంలో ఆ అలవాటుకి సాయం చేసింది ఏమిటి? మొహం మారినా రంగు మారకపోవడం. అందుకే అంటున్నాను, ఆ పాత్రలో అసలు నటి మేకప్ డబ్బాయే. మిగతావాళ్ళు దాన్ని మోసినవాళ్ళు.

ఆ నటీమణులను నేను తప్పు పట్టడం లేదు. వాళ్ళూ పని చేసుకు బతికేవాళ్ళే. ఎవరి పాత్ర ఎప్పుడు పోతుందో వాళ్ళకే తెలియదు. తెలుగులో దీపంతటి దీపనే 2022లో కథలో చంపేసి, పిల్లల్ని పెద్దవాళ్ళని చేసి, వాళ్ళ మీద కథ నడిపారు. జనానికి ఆనలేదు. కొన్ని నెలలకే దీపను బతికించి తెచ్చుకున్నారు. నా లెక్క వాళ్ళతో కాదు. వాళ్ళు ఎవరి స్థానంలో వచ్చారన్నది నా ప్రశ్న. రేణు సౌందర్ ప్రేమి విశ్వనాథ్ స్థానంలో వచ్చారు, సరే. ప్రేమి విశ్వనాథ్ ఎవరి స్థానంలో వచ్చారు? నిజంగా నల్లగా పుట్టిన ఆడపిల్ల స్థానంలో. ఆ మార్పు గురించి తెర కింద వరస వెయ్యలేదు.

ఈ కథ మలయాళంలో పుట్టిందని చెప్పాను కదా. మలయాళ సినిమా కూడా ఇలాంటి ఒక మార్పుతోనే పుట్టింది. జె.సి. డేనియల్ తీసిన 'విగతకుమారన్' ఆ భాషలో మొదటి సినిమా. హీరోయిన్ కోసం మొదట బొంబాయి నుంచి ఒకావిడను రప్పించారు. కుదరలేదు. ఆమె బదులు పి.కె. రోజీని తీసుకున్నారు. రోజీ పులయ కులంలో పుట్టిన దళిత స్త్రీ. కూలిపని చేసుకుంటూ జానపద నాటకాలు ఆడేది. సినిమాలో ఆమె వేసింది నాయర్ స్త్రీ పాత్ర. తిరువనంతపురంలో బొమ్మ పడగానే అగ్రకులాలవాళ్ళు తెర మీద రాళ్ళు వేశారు. ఆమె ఇల్లు తగలబెట్టారు. ఆమె రాష్ట్రం దాటి తమిళ దేశం పారిపోయి, తానెవరో చెప్పుకోకుండా బతికి, అలాగే పోయింది. మళ్ళీ ఏ సినిమాలోనూ వెయ్యలేదు.

"నటన అంటేనే తాను కానిది కావడం కదా మేడమ్, నల్ల పాత్ర నల్లవాళ్ళే వెయ్యాలా?" అని నా క్లాసులోనే పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. రోజీ చేసింది కూడా అదే, తాను కానిది కావడం. దానికి ఆమెకు దక్కింది రాళ్ళు. తెల్లటమ్మాయి రంగు పూసుకుని నల్లదైతే "ఎంత కష్టపడింది" అని అవార్డిస్తారు. నల్లటమ్మాయి పట్టుచీర కట్టి జమీందారు కోడలైతే "సూటవలేదు" అంటారు. తలుపు రెండు వైపులా తెరుచుకుంటే అది నటన. ఒకవైపే తెరుచుకుంటే అది కాపలా.

"నల్లటివాళ్ళలో నటులు దొరకరు" అనేది ఇంకో మాట. 2021లో సన్ టీవీలో 'సుందరి' మొదలైనప్పుడు గాబ్రియెల్లా సెల్లస్‌ని తీసుకున్నారు. ఆమె సొంత రంగుతోనే ఆ పాత్ర వేసింది, ఊరూరా పేరు తెచ్చుకుంది. వెతికినవాళ్ళకి దొరికింది. దొరకనిది వెతకనివాళ్ళకే.

ఇక అసలు సంగతి. నలుపంటే దళితులే అని నేను అనడం లేదు. ఆ మాట మన నోట రాకూడదు కూడా. కులమంటే జాతి కాదనీ, మద్రాసు బ్రాహ్మడూ మద్రాసు పరయా రక్తంలో వేరు కాదనీ అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో 1936లోనే తేల్చి చెప్పాడు. మనలో పచ్చటి వాళ్ళున్నారు, వాళ్ళలో కారునలుపు వాళ్ళున్నారు. కాబట్టి రంగు చూసి కులం చెప్పలేం. అయితే కులం చేసే పనంతా రంగు చేత చేయించవచ్చని ఈ సీరియల్ కనిపెట్టింది. సౌందర్య మొదట్లో దీపను చూసే చూపు గుర్తు తెచ్చుకోండి. ఎదురుపడితే అపశకునం, ముట్టుకుంటే మైల, ఇంటి కోడలైతే పరువు నష్టం. ఈ చూపు మనం రంగుల దుకాణంలో చూశామా, ఊళ్ళో చూశామా? ఆ మాటలు ఊరికీ వాడకీ మధ్య వినబడే మాటలు. వాటిని తెచ్చి, కులం పేరు చెరిపేసి, చర్మానికి అతికించారు. కులం పేరెత్తితే గొడవ, రంగు పేరెత్తితే సానుభూతి. చూసేవాళ్ళు సౌందర్యని తిట్టుకుని, దీప కోసం ఏడ్చి, తాము మంచివాళ్ళమనుకుని పడుకోవచ్చు. వాళ్ళ గుమ్మం దగ్గర ఎవరు ఆగిపోతున్నారో తడుముకోనక్కర్లేదు.

దీప వంటలక్క అయిందే, ఆ సంగతి చూడండి. మొగుడు వెళ్ళగొట్టిన ఆడది పరాయి ఇళ్ళల్లో వండి బిడ్డను పెంచుకుంటుంది. అందరూ ఆమె చేతి వంట లొట్టలేసుకుంటూ తింటారు. నల్లటి చెయ్యి వండింది తినగలిగారు. ఎందుకంటే ఆ చేతికి కులం చెప్పలేదు కాబట్టి. అదే చేతికి మాల అనో మాదిగ అనో ఒక్క ఎపిసోడ్‌లో పేరు పెట్టి చూడమనండి, ఆ వంటిల్లు ఎన్ని రోజులు నడుస్తుందో చూద్దాం.

ఊహించి చెప్పడం కాదిది. బడుల్లో మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకి, ఎస్సీ ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. 2021 డిసెంబర్‌లో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లా సుఖీఢాంగ్ బడిలో ఒక దళిత స్త్రీని వంటకి పెట్టుకున్నారు. అగ్రకులాల పిల్లలు ఆమె వండింది తినమన్నారు. నియామకం పద్ధతి ప్రకారం లేదని ఆమెను తీసేసి ఇంకొకరిని పెట్టారు. అప్పుడు దళిత పిల్లలు, కొత్తామె వండింది మేమూ తినం అన్నారు. దేశమంతా గగ్గోలయ్యాక ఆమెను మళ్ళీ తీసుకున్నారు. అక్కడ చెన్నైలో కణ్ణమ్మ మొహం మారిన రెండు నెలలకే ఇక్కడ ఒక నిజం వంటలక్కను మార్చేశారు. మొదటి మార్పు మీద వారం రోజులు చర్చ పెట్టినవాళ్ళకి రెండోది తెలియనే తెలియదు.

మా అమ్మ పదిహేనేళ్ళు బడిలో వండింది. మొదటి ఏడాది కొన్ని ఇళ్ళ పిల్లలు క్యారేజీలు తెచ్చుకునేవాళ్ళు. "వాళ్ళకి గుడ్డు ఇష్టముండదేమోలే" అని అమ్మ మాకు చెప్పేది. గుడ్డు లేని రోజు కూడా వాళ్ళు క్యారేజీలే తెచ్చుకునేవాళ్ళని మాకు తెలుసు. అమ్మకీ తెలుసు. అదే అమ్మ ఏడున్నరకి టీవీ ముందు కూర్చుని దీపను చూసి "మన పెద్దమ్మ కూతుర్లాగే ఉంది చూడవే" అని మురిసిపోయేది. అది రంగేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఒకరోజు ఏదో పండగ ప్రోగ్రాంలో ప్రేమి విశ్వనాథ్ మామూలుగా కనిపించారు. అమ్మ కాసేపు చూసి, "ఈమె మనామె కాదన్నమాట" అని లేచి వంటింట్లోకి పోయింది. డాక్టరేట్ చేసి నేను చెప్పలేకపోయింది అమ్మ ఒక్క మాటలో చెప్పింది.

మన తెలుగులో దళిత స్త్రీల రచనలన్నీ ఒకచోట చేర్చి 2003లో గోగు శ్యామల సంకలనం తెచ్చినప్పుడు దానికి 'నల్లపొద్దు' అని పేరు పెట్టింది. అక్కడ నలుపు ఎవరి జాలీ అడగదు. రాసినవాళ్ళు తమ మాట తామే చెప్పుకున్నారు. సీరియల్ నలుపుకీ ఆ నలుపుకీ తేడా ఇదే. ఒకటి కడిగితే పోతుంది, రోజూ సాయంత్రం షూటింగ్ అయ్యాక. రెండోది కడుక్కోవాల్సిన పని లేనిది.

కాబట్టి చదువుకునే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నేను అడిగేది పెద్ద పనేం కాదు. టీవీ వాళ్ళకి రాయండి, మంచిదే. దానికంటే ముందు మీ కాలేజీ స్టేజి చూసుకోండి. మీ స్కిట్‌లో కూలీ వేషం ఎవరికి ఇస్తున్నారు, భారతమాత వేషం ఎవరికి ఇస్తున్నారు? రంగు డబ్బా ఎవరి మొహానికి తెరుస్తున్నారు? అంబేద్కర్ జయంతి నాటకంలో కూడా రమాబాయి వేషానికి ఎర్రటి పిల్లనే వెతుకుతున్నారా? కమిటీలో మనవాళ్ళు ఉంటే వాళ్ళు నాలాగా నోరు మూసుకుని కూర్చున్నారేమో కూడా చూడండి.

ఆ పిల్ల ఆ రోజు స్కిట్ మానేసి వెళ్ళిపోలేదు. తెర పక్కన నిలబడి, తన బదులు వచ్చినామె మాట మరిచిపోయినప్పుడల్లా అందించింది. చప్పట్లు ఎదుట ఉన్నామెకి పడ్డాయి. ఫొటోలో ఈ పిల్ల లేదు.

చెల్లీ, నువ్వు ఇది చదువుతుంటే, నువ్వడిగిన దానికి నా జవాబు ఇది. నీ మొహం లైట్లకి ఆనకపోవడం కాదు. ఆ లైట్లు నీ కోసం పెట్టలేదు. వాటిని నీ వైపు తిప్పమని ఆ రోజు నేను అడగాల్సింది. అడగలేదు. ఈసారి అడుగుతాను.

జై భీమ్.