ముదిమికి ముల్లె

నౌకరీ చేయువానికి విరమణ ఒక తేదీన వచ్చును. ఆనాడు పూలదండ, శాలువ, పింఛను కాగితము చేతికందును. తన రెక్కలనే నమ్ముకొన్నవానికి అట్టి తేదీ లేదు. సూదిలో దారమెక్కించుటకు చూపు చాలనినాడు దర్జీకి విరమణ. మోకాళ్లు మొరాయించిననాడు మేస్త్రీకి విరమణ. ఆనాటికి అతని ముల్లెలో ఏమి మిగిలియుండును? ఈ ప్రశ్నకు నేడొక సులభమైన సమాధానము చేతిలోని ఫోనులోనే కనబడుచున్నది: ఇప్పుడే చేరుడు, అరువది దాటిన పిదప నిశ్చింతగా నుండుడు అని. ఆ మాట యెంతవరకు నిజమో విచారింపదగియున్నది.

విచారణకు కామారెడ్డి జిల్లాలోని గాంధారిని తీసికొందము. ఎల్లారెడ్డి శాసనసభా నియోజకవర్గమునకు చెందిన ఈ మండలము 2016లో నిజామాబాదు జిల్లా విభజింపబడినప్పుడు క్రొత్త జిల్లాలోనికి వచ్చినది. మక్క, పత్తి, వరి పండించు పల్లెలును, లంబాడీ తండాలును ఇందు కలవు. ఇట్టి చోట నెల జీతమెరిగినవారు కొద్దిమంది. చిన్న రైతు, కిరాణా దుకాణదారు, ఆటో నడుపువాడు, కుట్టుమిషనుపై సంసారమును నెట్టుకొనివచ్చు స్త్రీ – వీరందరును తమకు తామే యజమానులు, తమకు తామే నౌకర్లు.

వీరికి పొదుపు తెలియదనుట అన్యాయము. మన పల్లెలలో చిట్టీ కట్టువారికి కొదువ లేదు. మహిళా సంఘములలో నెలనెలా పొదుపు జరుగుచునే యున్నది. పంట బాగుగా వచ్చిన యేడు అరతులమైనను బంగారము కొందురు. కావున లోపము పొదుపు గుణములో లేదు. చిట్టీ డబ్బు బిడ్డ పెండ్లికి పోవును. బంగారము బోరు ఎండిన యేడు కుదువకు పోవును. ముప్పది యేండ్లు తాకకుండ దాచవలసిన సొమ్మునకు మాత్రము ఇంటిలో చోటు దొరకదు.

ఆ చోటు ఎట్లు ఏర్పడునో తెలియవలెనన్న, ఇరుగుపొరుగు గుమ్మములను రెండింటిని పోల్చి చూడవలెను. నిజామాబాదు, కామారెడ్డి జిల్లాలలో బీడీలు చుట్టు స్త్రీలు వేలకొలది కలరు. తన ఇంటి అరుగుమీద కూర్చుండి, తీరిక చూచుకొని చుట్టు స్త్రీ పైచూపునకు స్వతంత్రురాలే. కాని ఆకు కంపెనీది, తంబాకు కంపెనీది, లెక్కకట్టి కూలి ఇచ్చునదియు కంపెనీయే. 1952 నాటి భవిష్యనిధి చట్టమును బీడీ పరిశ్రమకు 1977లో వర్తింపజేసిరి. ఇంటివద్ద చుట్టువారు తమ ఉద్యోగులు కారని యజమానులు వాదించిరి. పి.ఎం. పటేల్ అండ్ సన్స్ వ్యాజ్యములో 1985లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చి, ఇల్లు పనిచోటైనంత మాత్రమున ఆమె ఉద్యోగిని కాకపోదని తీర్పు చెప్పినది. ఆ తీర్పు ఫలముగా ఆమెకు పీఎఫ్ కార్డు వచ్చినది.

ఆ కార్డు వలన ఆమె భాగ్యవంతురాలు కాలేదు. భవిష్యనిధి పింఛనునకు 2014లో నిర్ణయించిన కనీస మొత్తము నెలకు 1000 రూపాయలే. తెలంగాణ ప్రభుత్వము బీడీ కార్మికులకు 2015లో వేయి రూపాయల ఆసరా పింఛనును ఆరంభించి, 2019లో దానిని 2016 రూపాయలకు పెంచినది. చాలీచాలని మొత్తములే. అయినను ప్రక్క గుమ్మములోని కుట్టుపని స్త్రీకి లేనివి మూడు ఆమెకు కలవు. కూలి చేతికి రాకముందే కొంత సొమ్ము పొదుపునకు పోవును. ఆమె వాటాకు యజమాని వాటా తోడగును. లెక్క తప్పినచో అడుగుటకు ఒక కార్యాలయము కలదు. కుట్టుపని స్త్రీ తన చేతినుండి తానే కోసికొనవలెను. కలుపువారెవరో తానే వెదకవలెను. అడుగవలెనన్న ఏ గడప తొక్కవలెనో ఆమెకు తెలియదు. స్వయం ఉపాధివారి పింఛను సమస్య యంతయు ఇదియే.

ప్రభుత్వములు దీనిని గుర్తింపలేదనరాదు. అసంఘటిత శ్రామికుల ముదిమిని దృష్టిలో నుంచుకొనియే ఒయాసిస్ అను సంఘము 2000లో తన నివేదికను సమర్పించినది. దాని నుండి పుట్టిన జాతీయ పింఛను వ్యవస్థ 2004లో మొదట కేంద్ర ప్రభుత్వోద్యోగులకు వర్తించినది. అందరికిని తలుపు తెరచుటకు 2009 మే వరకు పట్టినది. ఎవరికొరకు వంట మొదలైనదో వారు కడపటి బంతిలో కూర్చుండిరి. 2010లో స్వావలంబన, 2015లో అటల్ పింఛను యోజన, 2019లో అసంఘటిత కార్మికులకు, చిన్న రైతులకు, చిరువ్యాపారులకు వేర్వేరుగా మూడు పథకములు వచ్చినవి. ఈ మూడింటిలో కట్టువాని వాటాకు సమానమైన వాటాను కేంద్రము కలుపును. అరువది దాటిన పిదప నెలకు 3000 రూపాయలు హామీ.

ఇంత మేలున్నను జనమెందుకు ఎగబడి చేరుట లేదు? సమాధానమునకు దూరము పోనక్కరలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2009లో స్వయం సహాయక సంఘముల స్త్రీల కొరకు అభయహస్తము అను పింఛను పథకము చట్టరూపమున వచ్చినది. సభ్యురాలు దినమునకు ఒక రూపాయి, ప్రభుత్వమొక రూపాయి. అరువది యేండ్లు నిండిన పిమ్మట నెలకు కనీసము 500 రూపాయలు. ఊరి సంఘములోనే కట్టుట, ఎరిగిన ముఖమే అడుగుట, సర్కారు రూపాయి తోడగుట – పైన చెప్పిన మూడును ఇందు సమకూరినవి. కాని రాష్ట్రము విడిపోయి, ఆసరా పింఛనులు వచ్చిన తరువాత తెలంగాణములో ఆ పథకము సాగలేదు. సభ్యురాండ్రు కట్టిన సొమ్మును తిరిగి చెల్లించుటకు ప్రభుత్వము 2022లో నిర్ణయించినది. సొమ్ము తిరిగి వచ్చుట మంచిదే. అయితే పింఛనని నమ్మి కట్టిన స్త్రీ చేతికి పింఛను రాలేదు. ముప్పది యేండ్ల మాట పట్టుమని పదునైదేండ్లు నిలువలేదు. ఇప్పుడు ఫోనులో మరియొక ప్రకటన ముప్పది యేండ్ల మాట ఇచ్చుచుండగా ఆమె సంశయించినచో, దానిని అజ్ఞానమని యెవరనగలరు?

ఆమె వేయు లెక్క మరియొకటి కలదు. ఒక్క పైస కట్టని అత్తకు నెలకు 2016 రూపాయల ఆసరా వచ్చుచున్నది. తాను ఏండ్ల తరబడి కట్టినను వచ్చునది మూడువేలే. ఈ లెక్కకు ప్రకటనకర్తలు సమాధానము చెప్పరు. చెప్పవలసిన సమాధానము ఒకటి కలదు. ఆసరా ప్రభుత్వపు ఆదరణ. అర్హతను, మొత్తమును ఏలువారు నిర్ణయింతురు. ఆదరణ ఎట్లు నిలిచిపోవునో కేంద్రపు వాటాయే చెప్పుచున్నది: 1995లో 75 రూపాయలతో ఆరంభమైన ఆ వృద్ధాప్య సహాయము నేటికిని 60 నుండి 79 ఏండ్లవారికి 200 రూపాయలు దాటలేదు. కట్టిన సొమ్ముపై వచ్చునది హక్కు. అడిగి పుచ్చుకొనుటకును, లెక్క చెప్పుమని నిలదీయుటకును గల భేదము ఇది.

అయితే హక్కు పేరిట వచ్చు ఐదువేలు ఎంతటి ఐదువేలు? అటల్ పింఛనులో పదునెనిమిదేండ్ల యువకుడు నెలకు 210 రూపాయలు కట్టినచో, నలువది రెండేండ్ల తరువాత నెలకు 5000 రూపాయలు వచ్చును. ధరలు ఏటేట నూటికి ఐదు వంతున పెరిగినను, ఆనాటి ఐదువేలు నేటి ఆరువందల యేబదికి మించి సరకు కొనజాలవు. ఇది పథకమును నిందించుట కాదు. భర్త పోయిన పిదప భార్యకును అదే పింఛను వచ్చుట, ఇరువురి తరువాత నామినీకి మూలధనము చెందుట మొదలగు మేళ్లు ఇందు కలవు. కాని ఐదువేలను పెద్ద అక్షరములతో చూపి, దాని నేటి విలువను చెప్పకుండుట సగము మాట మాత్రమే. సగము మాట విని చేరినవాడు, మిగిలిన సగము తెలిసినప్పుడు మానివేయును.

వయసు విషయమును అట్లే మరుగున పడుచున్నది. అటల్ పింఛనులోను, 2019 పథకములలోను చేరుటకు గరిష్ఠ వయస్సు నలువది. సాధారణముగా మనిషికి ముదిమి గుర్తుకు వచ్చునది నలువది దాటిన తరువాతనే! జాతీయ పింఛను వ్యవస్థ వారికి తెరచియున్నదిగాని, అందు ఇంత వచ్చునన్న హామీ లేదు. మార్కెట్టును బట్టి పెరుగును, తరుగును. ఈ భేదమును వివరింపక అన్నిటిని ఒకే గాటకట్టి ప్రచారము చేయుట తగదు.

ఫోను మాత్రమే ఈ పని చేయజాలదని కెన్యా దేశము ఇంతకు ముందే నిరూపించినది. అక్కడి చేతిపనివారి కొరకు 2011లో ఆరంభమైన ఎంబావో పింఛను పథకములో దినమునకు 20 షిల్లింగులు ఫోనునుండియే కట్టవచ్చును. చేరుట సులభమైనది, క్రమముగా కట్టుచు నిలుచుట మాత్రము అనేకులకు సాధ్యము కాలేదు. ఖాతా తెరచుటకు ఒక నిమిషము చాలును. దానిని నిలుపుటకు ముప్పది యేండ్ల తోడు కావలెను.

కావున గాంధారివంటి చోట్ల ప్రచారము మొదట మార్చుకొనవలసినది తన మాటను. పింఛను మొత్తము ప్రక్కనే దాని నేటి విలువను తేట తెలుగులో చెప్పవలెను. మూడు నెలలకో ఆరు నెలలకో ఒకసారి కట్టు సౌకర్యము అటల్ పింఛనులో కలదు. మక్కలమ్మిన చేతికి, పత్తి తూచిన చేతికి ఆ వాయిదాయే సరిపడును. నెలనెలా కోతకు ఒప్పుకొని, ఖాతాలో సొమ్ము లేక అపరాధ రుసుము చెల్లించువారికి ఈ సంగతి ఎవరు చెప్పవలెను? గ్రామ సంఘములోను, తపాలా కచ్చేరీలోను ఏటికొకసారి ఖాతా లెక్క చదివి చెప్పు మనిషి యుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఒక ప్రభుత్వము మొదలిడిన అంశదాయక పథకమును మరియొక ప్రభుత్వము మాన్పదలచినచో, సభ్యుల సొమ్మును ప్రభుత్వపు వాటాతో సహా మరియొక పింఛను ఖాతాకు మార్చియే మాన్పవలెనన్న నియమము చట్టములో చేరవలెను.

గాంధారిలోని కుట్టుపని స్త్రీ సూదిలో దారమెక్కించు దినములు ఇంకను ఎన్నో కలవు. ఆ దినములలో ఆమె దాచగలదు, దాచుటకు సిద్ధముగనే యున్నది. ఒకసారి దినమునకొక రూపాయి చొప్పున కట్టి చూపినది కూడ. మాట నిలుపుకొనవలసిన వంతు ఇక ఆమెది కాదు.