హస్తవాసి

కొన్ని యిళ్ళలో ఒక మాట తరచు వినిపిస్తూ వుంటుంది. "మా పెద్దకోడలు ఏ గింజ పాతినా మొలుస్తుందండీ. చిన్నదాని చెయ్యే మంచిది కాదు" అని. మొలవని గింజ నోరు విప్పి సాక్ష్యం చెప్పదు గనుక, నేరమంతా చిన్నకోడలి చేతి మీదికి పోతుంది. ఆ గింజ తరఫున నాలుగు మాటలు చెప్పాలని నా ప్రయత్నం.

గింజ అడిగేవి మూడే: నీరు, గాలి, తగినంత వేడి. తిండి అడగదు. మొలక పైకి వచ్చేదాకా సరిపడే ఆహారాన్ని తల్లిచెట్టు సారె కట్టినట్లు కట్టి మరీ పంపుతుంది. నాటిన రోజునే యూరియా కుమ్మరిస్తే బలం రాదు సరిగదా, లేతవేరు మాడిపోతుంది.

వేడి సంగతికి వస్తే, ఏ గింజ పట్టుదల దానిది. పిల్లలు ఆపిల్ తిని, గింజను కుండీలో గుచ్చి, రోజూ తొంగి చూస్తారు. అది చలిదేశపు గింజ. తడి ఆరకుండా, 4, 5 డిగ్రీల చల్లదనంలో రెండు మూడు నెలలు గడిపితేగాని దానికి మెలకువ రాదు. శీతకాలం వెళ్ళక ముందే మొలిస్తే మంచుకు బలి కావాలి గదా, అందుకని ఆ జాగ్రత్త. టేకుది సరిగ్గా ఎదురు స్వభావం. దానికి 30 డిగ్రీలు దాటిన వేడి కావాలి. పైగా టెంక గట్టిది. రాత్రి నానబెట్టి, పగలు ఎండబెట్టి, వారం పదిరోజులు బతిమాలాలి. అప్పటికీ అన్నీ ఒక్కసారి లేవవు.

అయితే గింజకు తెలిసేది గాలిలో వేడి కాదు, మట్టిలో వేడి. ఇక్కడే మన్ను సంగతి వస్తుంది. నల్లరేగడి పైరుకు బంగారమే. కాని కుండీలో తడిసి ముద్దయితే త్వరగా వేడెక్కదు, గాలి ఆడనివ్వదు, గింజ కుళ్ళిపోతుంది. ఉత్త ఇసుకలో గాలి ఆడుతుంది గాని తడి నిలవదు. మిట్టమధ్యాహ్నం పైపొర పెనంలా కాలుతుంది. ఎర్రమన్ను, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపితే చాలా గింజలకు సుఖంగా వుంటుంది. గింజ మందానికి రెండు మూడింతల లోతు చాలు.

ఇక కాలం. వేపపండ్లు జ్యేష్ఠాషాఢాలలో రాలుతాయి. గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, రెండు వారాలలోగా నాటితే చక్కగా మొలుస్తాయి. డబ్బాలో పోసి వచ్చే యేటికి దాస్తే దానిలో ప్రాణం వుండదు. ఫ్రిజ్‌లో పెడితే, ఆ చలి పచ్చిగింజకు అసలే పడదు.

పెద్దకోడలు అప్పుడే రాలిన గింజను ఇసుక కలిపిన మట్టిలో వేసి వుంటుంది. చిన్నకోడలికి నిరుటి గింజ, రేగడి కుండీ దక్కి వుంటాయి. ఇందులో చేతుల ప్రసక్తి ఏమున్నది?

కొత్తకోడలైతే ఆషాఢంలో పుట్టింట వుంటుంది. వేపగింజలకు అదే అదను. అక్కడ నాలుగు గింజలు నాటి రమ్మనండి. అవి మొలిస్తే, అదే చెయ్యి గదా, అత్తగారు ఏమంటారో వినాలని వుంది.