రేవు పాట వాళ్లది, పాట్లు మనవి

గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయి, పన్నెండు రోజులుంటాయి. ఆ పన్నెండు రోజుల మునకల కోసం రాజమహేంద్రవరం నుంచి అంతర్వేది దాకా మన ప్రభుత్వాలు కాంక్రీటు మెట్లు పోస్తాయి, టైల్స్ అతికిస్తాయి, రెయిలింగులకు రంగులేస్తాయి. 2003లో పోశారు, 2015లో పోశారు, 2027 కోసం మళ్లీ అంచనాలు వేస్తున్నారు. మంచిదే, మునగండి. కానీ అదే గోదావరిని ఏడాది పొడుగునా దాటేవాళ్లున్నారు. బడికెళ్లే పిల్లలు, అరటిగెలలు తెచ్చే లంక రైతులు, పురిటికి వెళ్లే ఆడపడుచులు. వాళ్ల వంతుకు వచ్చింది ఇసుక బస్తాలు, రెండు చెక్కలు. పుణ్యానికి మెట్లు, ఆస్పత్రికి బురద!

ఆ చెక్కల సంగతి చూడాలంటే గోదావరి పాయ వశిష్ఠ దిగువన, జనాన్నీ బండ్లనూ దాటించే పంటు ఆగే ఏ రేవులోనైనా పాటు వేళ నిలబడండి. సముద్రం దగ్గర కనక అక్కడ నీళ్లు రోజుకు రెండుసార్లు పొంగుతాయి, రెండుసార్లు తీస్తాయి. పోటు మీదున్నప్పుడు పంటు వచ్చి ర్యాంపుకు బాగానే ఆనుతుంది. నీళ్లు తీసేసరికి కాంక్రీటు ఆగిన చోటుకీ నీళ్లు మొదలయ్యే చోటుకీ మధ్య నల్లటి ఒండ్రు తేలుతుంది. దాని మీద చెక్కలు పరుస్తారు. మోటారు సైకిలాయన కాళ్లు రెండూ నేలకానించి, ఊపిరి బిగబట్టి బండి దించుతాడు. వెనకాల కూర్చున్నావిడ ముందే దిగిపోయి, చంకలో పిల్లాడు, చేతిలో చెప్పులు, కుచ్చిళ్లు ఎగదోపుకుని మడమ లోతు బురదలో నడుస్తుంది. పంటు కుర్రాడు హ్యాండిల్ అందుకుని “రండి, రండి... ఆగండాగండి!” అని అరుస్తుంటాడు. చెక్క జారిందా, బండీ మనిషీ గోదాట్లోనే. ఇంత సర్కసు చేసినందుకు టికెట్టు కూడా ఆయనే కొనుక్కోవాలి.

ఆ టికెట్టు డబ్బు ఎక్కడికి పోతోందని ఎవరూ అడగరు. రేవును ఏటా వేలం వేస్తారు, ఎవరెక్కువ పాడితే వాళ్లదే. లక్షలు పోసి పాడుకున్న పాటదారు ఏడాదిలోగా పెట్టుబడి రాబట్టుకోవాలి. వచ్చే ఏడాది రేవు ఎవరి పాలవుతుందో తెలియనివాడు ర్యాంపు మీద కాంక్రీటు ఎందుకు పోస్తాడు? బస్తాలు వేస్తాడు. నేను పాటదారుని తిట్టను. రేవును పన్నెండు నెలల బేరంగా అమ్మి చేతులు దులుపుకున్నవాళ్లని తిడతాను. పాట డబ్బు పంచాయతీరాజ్ లెక్క. గట్టు ఇరిగేషన్ వాళ్లది. వంతెన ఆర్ అండ్ బీది. చేపల జెట్టీ అయితే మత్స్యశాఖ, విహార బోటయితే పర్యాటక శాఖ. గట్టుకీ పంటుకీ నడుమ ఆ పది గజాల బురదకు మాత్రం నాథుడు లేడు. అందులో మనిషి పోతే అందరూ వస్తారు, కార్లేసుకుని.

2018 జూలై 14న అలాగే వచ్చారు. ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర. ఆ రోజు రెండో శనివారం. ‘వనం–మనం’ అంటూ మొక్కలు నాటడానికి పిల్లల్ని బడికి రప్పించారు. వాళ్లు తిరిగి ఇళ్లకు వెళ్తున్న పడవ, పూర్తికాని వంతెన దిమ్మకు కొట్టుకుని తిరగబడింది. ఆరుగురు ఆడపిల్లలు, ఒక గృహిణి గల్లంతయ్యారు. వంతెన పూర్తయి ఉంటే ఆ పడవే అక్కర్లేదు. అసలు మొదలే పెట్టకపోతే ఆ దిమ్మే లేదు. మన డబ్బుతో సగం చేసి వదిలిన పని మన పిల్లల పడవకే అడ్డు నిలిచింది. దీనికి రెండు నెలల ముందే, మే 15న, దేవీపట్నం మండలం మంటూరు దగ్గర లాంచీ మునిగింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు. ప్రతిసారీ లైఫ్ జాకెట్లు, తనిఖీలు, ప్రకటనలు. కచ్చులూరులో మునిగిన బోటును నెల దాటాక బయటికి లాగింది లంగర్లూ ఇనుప తాళ్లూ పట్టుకొచ్చిన కాకినాడ ధర్మాడి సత్యం బృందం. ఏ ఏడు ఒండ్రు ఎటు మేట వేస్తుందో చెప్పగలిగేది కూడా ఇలా నీళ్ల మీద బతికేవాళ్లే. ర్యాంపుకు అంచనా రాసేముందు వాళ్లని పిలిచి అడిగిన ఇంజనీరు ఎక్కడైనా ఉంటే చూపించండి, దండం పెడతాను.

గట్టిగా నిలదీస్తే “వంతెన వస్తోంది కదండీ” అంటారు. నర్సాపురం–సఖినేటిపల్లి వంతెనకు పార్టీలకతీతంగా శంకుస్థాపన రాళ్లు పడ్డాయి. ఆ రాళ్లన్నీ తెచ్చి బురదలో పరిచినా ఈపాటికి ఒక మంచి ర్యాంపు అయ్యేది! 2002లో యానాం–ఎదుర్లంక వంతెన వచ్చాక అక్కడివాళ్లకు పంటు బాధ తప్పింది, కాదనను. కానీ ప్రతి లంకకూ వంతెన వచ్చేదాకా జనం గాల్లో ఎగరాలా? 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. ఆ నెలాఖరున జి.పెదపూడి లంకకు వెళ్లడానికి అప్పటి ముఖ్యమంత్రికే పంటు దిక్కయింది. వంతెన కడతామని ఆయనా మాటిచ్చారు. బూరుగులంక దగ్గర తాత్కాలిక గట్టు వరదకు కొట్టుకుపోతుంది, కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది. ఏటా జరిగేదే, ఏటా మన అధికారులకు కొత్తే.

వేటకెళ్లేవాళ్ల గోడు ఇంకోటి. 2022 నవంబరు 21న, ప్రపంచ మత్స్య దినోత్సవం పేరు చెప్పి, నర్సాపురంలో బియ్యపుతిప్ప ఫిషింగ్ హార్బరుకు శంకుస్థాపన చేశారు. అంచనా సుమారు 430 కోట్లు. హార్బరు వద్దని ఎవరన్నారు? కానీ బోటుకు ముందు కావలసింది మొగలో లోతు. వశిష్ఠ సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేస్తే పాటు వేళ బోటు అడుగు తగిలి నిలిచిపోతుంది. పూడిక తీయడానికి శిలాఫలకం ఉండదు, రిబ్బను ఉండదు. ఈ ఏడు తీస్తే వరదకు మళ్లీ పూడుతుంది, మళ్లీ తీయాలి. అందుకే అది ఏ నాయకుడి కంటికీ పనిగా ఆనదు.

కొచ్చిలో 2023 ఏప్రిల్‌లో వాటర్ మెట్రో మొదలైంది. అక్కడ జెట్టీ దగ్గర తేలే పాంటూన్లు నీటితోపాటే లేస్తాయి, నీటితోపాటే దిగుతాయి. చక్రాల కుర్చీ కూడా నేరుగా బోటులోకి వెళ్తుంది. ఆ ఏసీ బోట్లు మనకొద్దు, ఆ తేలే తెప్ప ఒక్కటి చాలు. లారీని మోసే పంటును తేల్చగలిగినవాళ్లం, పంటు దాకా వెళ్లే దారిని తేల్చలేమా?

ఇక రేవు పాటకు నోటీసు ఇచ్చే అధికారులకు ఒక మాట. ఈసారి ఆ కాగితంలో ఒక షరతు చేర్చండి: పాట సొమ్ములో సగం ముందు ఆ రేవుకే. పాట ఎంతకు పోయింది, ర్యాంపుకు ఎంత పెట్టారు, ఎంత పూడిక తీశారు, అన్నీ టికెట్టు కౌంటరు పక్కన బోర్డు మీద రాయించండి. చేతకాదంటారా, పాటే మానేయండి. బురదే ఇచ్చేటప్పుడు టికెట్టు దేనికి?