జ్వరము పోయినదా, ఉన్నదా?

క్రిందటి మాసమున మా చెల్లెలు కూతురును తెలుగు రాని వైద్యునికి చూపబోవుచు, “నాలుగు దినములనుండి జ్వరము వచ్చుచున్నది” అని ఆంగ్లమున ఎట్లు చెప్పవలెనని మమ్మడిగినది. తాను కూర్చుకొన్న వాక్యము “షి హాడ్ ఫీవర్ ఫర్ ఫోర్ డేస్” అట! విని ఉలికిపడితిమి. నాలుగు దినములు జ్వరము వచ్చి పోయినదని గదా దాని అర్థము! “షి హాజ్ బీన్ రన్నింగ్ ఎ ఫీవర్ ఫర్ ఫోర్ డేస్” అనవలెను.

ఇందు “హాజ్” వలన నేటితోడి సంబంధమును, “బీన్” వలన గడచిన కాలమును, చివరి “ఇంగ్” వలన తెగని వ్యాపారమును తెలియును. తెలుగున “నుండి” చేర్చినచో “వచ్చుచున్నది” యను వర్తమానక్రియయే ఈ భారమంతయు మోయును. కావుననే మనవారు “ఈజ్ హావింగ్ ఫీవర్ సిన్స్ ఫోర్ డేస్” అందురు. మన దేశమున భావము తెలియును గాని ఇంగ్లండువారి వాడుక అది కాదు. సోమవారము వంటి మొదలు చెప్పినపుడు “సిన్స్”, నాలుగు దినముల వంటి పరిమాణము చెప్పినపుడు “ఫర్”. మనకు రెంటికిని “నుండి”యే; చిక్కంతయు అచ్చటనే.

పని అప్పుడే ముగిసినను దాని చిహ్నము నిలిచియున్నచో ఈ రూపమే చెల్లును. కత్తిపీట విడిచి కన్నీటితో వచ్చిన కోడలు “ఐ హావ్ బీన్ కట్టింగ్ ఆనియన్స్” అనవచ్చును. అత్తగారు నమ్ముట వేరు సంగతి.

ఎరుగుట మాత్రము “ఇంగ్”నకు లొంగదు. “ఐ హావ్ నోన్ హర్ ఫర్ టెన్ ఇయర్స్” అనియే అనవలెను. మనమును “ఆమెను పదేండ్లనుండి ఎరుగుదును” అందుము గాని “ఎరుగుచున్నాను” అనము గదా!

చెల్లెలు వాక్యమును చీటిపై వ్రాసికొని పోయినది. వైద్యుడు వెంటనే “సిన్స్ వెన్?” అని అడుగగా, చీటి చూడకయే “సిన్స్ మండే” అని చెప్పినదట.