పటంలో మన వాడ ఏది?

చదువు బడి గోడ దాటి ఇంటికి వస్తోందంటే మొదట సంతోషించాల్సింది మనమే. పొద్దంతా కూలికి పోయేవాళ్లు, పెళ్లితో చదువాగిపోయిన ఆడబిడ్డలు, వెనక బెంచీ నుంచి బయటికి నెట్టేసినవాళ్లు - దూరవిద్య వీళ్ల కోసమే గదా! హైదరాబాదులో 1982లో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు. బాగుంది. ఆ పేరు మోసే చదువులో, ఓపెన్ స్కూలు చదువులో మన వాడ ఎక్కడుందని అడుగుతున్నాం.

అసలు పాఠం చేరడమే కష్టం. కరోనా ఏడు, 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు చెప్పారు. ముగ్గురు పిల్లలకు ఒకే ఫోను, అదీ నాయన జేబులో పనికి పోతే ఆ పాఠం ఎవరికి చెప్పినట్టు?

చేరిన పాఠంలో మాత్రం ఏముంది? భూగోళం అంటే నదులు, నేలలు, వానలు, ఖనిజాలు. చెరువు నీళ్లు ముందు ఎవరి మడికి పారతాయో, ఆఖరి మడి ఎవరిదో అడగరు. ఊరొక పక్క, వాడొక పక్క ఎందుకున్నాయో చెప్పరు. కొండలూ వాగులూ చేసిన ఏర్పాటు కాదది, మనుషులు చేసింది. 1985 జూలైలో కారంచేడులో, తాగే చెరువు నీళ్లు పాడు చేయొద్దని అడిగిన పాపానికి మొదలైన తగవు మర్నాటికి ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసింది. నీళ్ల పాఠం చెబుతూ ఆ చెరువు ఊసెత్తకపోతే అది ఎవరి భూగోళం?

ఇక 'సుస్థిర అభివృద్ధి' అట. నేల చెడకుండా, రేపటి పిల్లలకు మిగిలేట్టు బతకడమని అర్థం. ఏసీ గదుల వాళ్లు కట్టెల పొయ్యి వాళ్లకు ఈ పాఠం చెబుతుంటే నవ్వొస్తుంది. జహీరాబాదు వైపు చెలకల్లో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్లు జొన్న, సామ, కొర్ర, కంది కలిపి విత్తుతారు. ఒకటి పోయినా ఇంకోటి బువ్వ పెడుతుంది. విత్తనాన్ని బూడిద, వేపాకు వేసి బుట్టల్లో దాస్తారు. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో మొదలైతే నడిపిందీ, మాట్లాడిందీ వాళ్లే. పట్నం నుంచి వాడకు రావడమే కాదు, వాడ నుంచి వాడకు పోయేదీ దూరవిద్యే.

అన్నలూ, అక్కలూ, ఈ పక్షం ఒక పని చేద్దాం. ఆదివారం క్లాసులకు పోయే మన పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టండి. ఊరి నక్షా ముందేసుకుని చెరువు, తూము, వాడ బోరు, శ్మశానం, లావణి పట్టా భూమి గుర్తు పెట్టించండి. పట్టా ఎవరి పేరునుందో, దున్నేదెవరో పక్కన రాయించండి. ముసలమ్మల్ని అడిగితే పోయిన పంటల పేర్లు, ఎండిన బావుల పేర్లు వాళ్లే చెబుతారు. చూపులేని పిల్ల ఉంటే ఆ పటాన్నే నేల మీద ఇసుకతో, గులకరాళ్లతో పోసి చేత్తో తడమనివ్వండి. అక్షరం రానివాళ్లకూ అదే పటం పనికొస్తుంది. దీన్ని అసైన్‌మెంటుగా ఒప్పుకోమని స్టడీ సెంటర్లో దరఖాస్తు పెడదాం. ఒక నకలు తహసీల్దారు ఆఫీసులోనూ ఇచ్చి రసీదు తీసుకుందాం. శ్మశానం దారి ఎవరి కంచె కింద పోయిందో తేలాల్సింది అక్కడే గదా.