కుచ్చుటోపీ

రంజాన్ నెల. సర్కారీ ఇఫ్తార్. వేదిక మీద మంత్రిగారు తెల్ల టోపీ పెట్టుకుని, భుజాన రుమాలు వేసుకుని, ఖర్జూరం నోట్లో పెట్టుకుంటున్నాడు. కింద దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్న పిల్లవాడు తండ్రిని అడిగాడు: "అబ్బా, ఈయనకి రోజా ఉందా?" తండ్రి అన్నాడు: "రోజా లేదు బేటా, ఎలక్షన్ ఉంది."

ఈ జోకు నేను ఇరానీ హోటల్లో ఉర్దూలో విన్నాను. ప్రెస్ క్లబ్బులో తెలుగులో చెప్పాను. రెండు చోట్లా నవ్వారు. ఉర్దూలో విని తెలుగులో రాసే పని నాది కాబట్టి ఒక తేడా నా చెవిన పడింది. ఇరానీ హోటల్లో నవ్వినవాళ్లు నవ్వయ్యాక కాసేపు మాట్లాడలేదు. ప్రెస్ క్లబ్బులో ఒక మిత్రుడు నవ్వుతూనే, "అయినా మీవాళ్లు ఓట్లన్నీ గంపగుత్తగా వేస్తారు కదా భాయ్" అన్నాడు. జోకు మంత్రి మీద మొదలై నా మీద ముగిసింది.

నాయకుల మీద నమ్మకం పోయిందని అందరూ అంటున్నారు. నిజమే. మాకూ పోయింది. కానీ పోయిన తీరు వేరు. అది చెప్పుకోవాలి.

ముందు ఆ టోపీ సంగతి. తెలుగులో మోసం చేయడాన్ని కుచ్చుటోపీ పెట్టడం అంటారు. కుచ్చుటోపీ అంటే మా తాతలు పెళ్లిళ్లకీ దర్బార్లకీ పెట్టుకుపోయిన రూమీ టోపీ. అది మోసానికి మారుపేరు ఎట్లా అయిందో భాషా పండితులు చెప్పాలి. ఉర్దూలోనూ టోపీ తొడిగించడమంటే దగా చేయడమే. కాబట్టి మేం ఎవర్నీ తప్పుపట్టం. అడిగేది ఒక్కటే. టోపీ మాది, పెట్టేది మీరు, పెట్టించుకునేది మేము. మరి మోసగాడి పేరు మాకెందుకు?

ఈ దేశంలో టోపీ పెట్టుకుని ఓట్లడిగేవాళ్లున్నారు. టోపీ వద్దని ఓట్లు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. 2011 సెప్టెంబరులో అహ్మదాబాద్ సద్భావనా దీక్షలో ఒక ఇమామ్ ఇవ్వబోయిన టోపీని నరేంద్ర మోదీ కాదన్నారు. దేశమంతా టీవీలో చూసింది. సెక్యులర్ మిత్రులు బాధపడ్డారు. నాకు అంత బాధ కలగలేదు. కాదన్నవాడితో మన పేచీ ఏమిటో మనకు తెలుసు. పెట్టుకున్నవాడి లెక్క ఎవరు చూస్తున్నారు?

చూద్దాం. 2014 ఎన్నికల్లో తెలంగాణలో ముస్లింలకు 12 శాతం రిజర్వేషన్ అని టీఆర్ఎస్ వాగ్దానం చేసింది. 2017 ఏప్రిల్‌లో అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది. బిల్లు ఢిల్లీకి పోయింది. 2023 డిసెంబరులో ఆ ప్రభుత్వం దిగిపోయేదాకా 12 రాలేదు. ఉన్నది 2007లో ఉమ్మడి రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు వచ్చిన 4 శాతమే. అదీ 2010లో హైకోర్టు కొట్టేస్తే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నిలబడింది. ఈ మధ్యకాలంలో ఇఫ్తార్‌లు మాత్రం ఏ కోర్టూ ఆపలేదు.

మణికొండ సంగతి ఇంకా బాగుంటుంది. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా వక్ఫ్ భూమిగా మేం చెప్పుకునే 1,654 ఎకరాల మీద ఏళ్ల తరబడి కేసు నడిచింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ భూమి ప్రభుత్వానిదేనంది. కోర్టులో దర్గాకు ఎదురు నిలబడింది ఎవరు? స్టేడియంలో మాకు ఇఫ్తార్ ఇచ్చిన సర్కారే. ఒక చేత్తో ఖర్జూరం, ఒక చేత్తో వకాల్తానామా.

తర్వాత వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వంలో దాదాపు రెండేళ్లు మంత్రివర్గంలో ఒక్క ముస్లిం లేడు. 2025 అక్టోబరు 31న క్రికెట్ కెప్టెన్ అజహరుద్దీన్ మంత్రిగా ప్రమాణం చేశారు. సరిగ్గా పదకొండు రోజులకు జూబ్లీహిల్స్ ఉపఎన్నిక పోలింగ్. దీనిమీద జోకు కూడా అక్కర్లేదు. తేదీలు చదివితే చాలు.

మావాళ్లను వదిలేస్తే ఈ వ్యాసం కూడా కుచ్చుటోపీయే అవుతుంది. హైదరాబాద్ పార్లమెంటు సీటు 1984 నుంచి ఒకే కుటుంబంలో ఉంది. మొదట తండ్రి, 2004 నుంచి కొడుకు. పార్లమెంటులో మా తరఫున మాట్లాడే గొంతు ఉండటం మంచిదే. ఆ గొంతు బాగా మాట్లాడుతుందని కూడా ఒప్పుకుంటాను. కానీ మైకులో కౌమ్ ప్రమాదంలో ఉందని ఏళ్లుగా వింటున్న మనిషికి గల్లీలో మురుగు పొంగుతూనే ఉంటే ఏమనాలి? కౌమ్‌కు ప్రమాదం పోతే లీడర్‌కు ప్రమాదం వస్తుందని మా అమ్మీజాన్‌లు కూడా జోకు వేస్తారు. షేర్వానీ మీద జోకు వేస్తే ఇంటి గుట్టు బయటపెట్టావని కోప్పడేవాళ్లున్నారు. గుట్టు కాదది. అందరికీ తెలిసిందే.

ఇక సినిమా. తెలుగువాడికి రాజకీయ నాయకుడి మీద ఉన్న అపనమ్మకం చదవాలంటే పత్రికలు అక్కర్లేదు, సినిమాలు చాలు. 1985 నాటి 'ప్రతిఘటన'లో మంత్రి కాశయ్యగా కోట శ్రీనివాసరావును చూసి జనం తిట్టుకుంటూ నవ్వారు. 1987లో 'మండలాధీశుడు' వచ్చింది. అందులో కోట వేసింది అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీఆర్ మీద వ్యంగ్య పాత్ర. కుర్చీలో ఉన్న ముఖ్యమంత్రిని తెర మీద ఎగతాళి చేయగలిగారు. గొప్ప విషయమే. ఎన్టీఆర్ 1989లో ఓడారు, 1994లో మళ్లీ గెలిచారు. తెర మీది నవ్వు తెర మీదే ఉండిపోయింది.

కానీ ఆ నవ్వు ఎవరి నోటి మీదుగా వచ్చిందో చూడండి. కాశయ్య దుర్మార్గానికి తెలంగాణ యాస కావలసివచ్చింది. మా సాయిబుకు 'నీకీ నాకీ' అంటూ వచ్చీరాని తెలుగు ఇచ్చి కామెడీ చేశారు. ఆ తర్వాత అదే సాయిబు చేతికి బాంబు ఇచ్చారు. బాంబు లేని సాయిబు ఉంటే దేశభక్తి నిరూపించుకుంటూ చావాలి. నాయకుడిని తిట్టే సామాన్యుడి పాత్ర మాత్రం మాకు ఇవ్వలేదు. కరెంటు బిల్లు ఎక్కువొచ్చి ఎమ్మెల్యేని నిలదీసే ముస్లిం పాత్ర ఎన్ని సినిమాల్లో చూశారో గుర్తు తెచ్చుకోండి. దక్కనీ ఉర్దూలో 'ది అంగ్రేజ్' వచ్చినప్పుడు పాతబస్తీ విరగబడి చూసిందంటే కారణం ఇదే. ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకు మమ్మల్ని నవ్వించారు. గొప్పలు చెప్పేవాడు, పనికిరానివాడు, భయపడేవాడు అందరూ మావాళ్లే. ఎవరూ దేశభక్తి సర్టిఫికెట్ చూపలేదు.

తెర దిగి వద్దాం. 2021 జనవరి 1న ఇండోర్‌లో మునవ్వర్ ఫారూఖీ అనే కమెడియన్‌ను అరెస్టు చేశారు. చెప్పని జోకులకు. నెల దాటి జైల్లో ఉన్నాక సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది. 2022 ఆగస్టులో అతను మన శిల్పకళా వేదికలో నవ్వించడానికి వందల మంది పోలీసులు కాపలా కాయవలసివచ్చింది. నాయకుడి మీద నవ్వడం పౌరుడి హక్కు అంటారు. ఆ హక్కుకూ పేరు చూసి రేటు కడుతున్నారన్న మాట. మీరు నవ్వితే వ్యంగ్యం. మేం నవ్వితే మనోభావాలు.

అందుకే "అందరూ దొంగలే" అనే మాట విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. అది తెలివైన మాటలాగా వినిపిస్తుంది. హోటల్లో ఆ మాట అంటే ఎవరూ కాదనరు. కానీ అందరూ దొంగలే అని తేలాక ఏం మిగులుతుంది? మనవాడైన దొంగను ఎంచుకోవడం మిగులుతుంది. కులంలో మనవాడు, మతంలో మనవాడు. ఆ లెక్క వేసుకుంటే సంఖ్యలో ఎక్కువున్నవాళ్లకు మనవాళ్లు ఎక్కువ దొరుకుతారు. మాకు దొరికేది టోపీ. నమ్మకం పోవడం వల్ల అందరికీ నష్టమే. ఎక్కువ నష్టం తక్కువమంది ఉన్నవాళ్లకు. దొంగలందరూ ఒకటి కాదు. ఎవడు ఎంత దొంగిలించాడో, ఎవడు ఏ మాట తప్పాడో విడివిడిగా రాసుకోవాలి. జోకు అందర్నీ ఒకే గాటన కట్టేస్తే బాగుపడేది పెద్ద దొంగే.

మా హాస్యానికి ఇంతకంటే పదునైన వారసత్వం ఉంది. అక్బర్ ఇలాహాబాదీ బ్రిటిష్ సర్కారు కింద జడ్జిగా పనిచేసిన మనిషి. అయినా కౌమ్ పేరు చెప్పి దొరలతో విందులు చేసే లీడర్లను తన షేర్లలో కడిగేశాడు. హైదరాబాద్ నుంచి 1968లో మొదలైన 'శగూఫా' పత్రిక ఉర్దూలో హాస్యాన్నే నమ్ముకుంది. సియాసత్ పత్రికలో 1962లో కాలం మొదలుపెట్టిన ముజ్తబా హుస్సేన్ జీవితమంతా నవ్వించాడు. 2007లో పద్మశ్రీ ఇచ్చారు. 2019 డిసెంబరులో, పౌరసత్వ సవరణ చట్టం మీద దేశం అట్టుడుకుతుండగా, ఎనభై దాటిన ఆ ముసలాయన పద్మశ్రీ తిరిగి ఇచ్చేస్తున్నానన్నాడు. అర్ధేడాది తిరగకుండానే పోయాడు. ఆరు దశాబ్దాలు జోకులు రాసిన మనిషి ఆ ఒక్కసారి జోకు వేయలేదు. నవ్వు ఎక్కడ ఆపాలో ఆయనకు తెలుసు.

మాకూ తెలియాలి. టోపీ మాకు నమాజుకు కావాలి. నాయకుడి ఫోటోకు కాదు. వచ్చే రంజాన్‌లో దస్తర్‌ఖాన్ దగ్గరికి వచ్చినవాడి నెత్తిన టోపీ పెట్టకండి. చేతిలో కాగితం పెట్టండి. మా 4 శాతం కింద ఎన్ని ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయి, ఉర్దూ మీడియం బళ్లలో ఎందరు టీచర్లు లేరు, ఈ మండలంలో వక్ఫ్ భూమి ఎంత, అందులో ఎవరున్నారు. జవాబు వచ్చాకే ఖర్జూరం.

సెక్యులర్ మిత్రులకు ఒక్క మాట. ఈసారి టోపీ జోకు విన్నప్పుడు మాతోపాటు నవ్వండి. నవ్వయ్యాక "మీవాళ్లు" అని మొదలుపెట్టకండి. ఆ కాగితం మీద మీరూ సంతకం చేయండి.