దాచుకున్న మైళ్లు కరిగిపోతున్నాయ్!

1999. కాలిఫోర్నియాలో డేవిడ్ ఫిలిప్స్ అనే సివిల్ ఇంజినీరు సరుకులు కొనడానికి వెళ్లి, ఓ ఆహార కంపెనీ ప్రకటన చూశాడు. తమ సరుకులు పది కొని బార్‌కోడ్‌లు పంపితే 500 విమాన మైళ్లు ఇస్తారట. త్వరగా పంపితే వెయ్యి! ఇంజినీరు బుర్ర కదా, అక్కడే లెక్క కట్టింది. ఆ కంపెనీ పుడ్డింగు కప్పు ఓ దుకాణంలో పావు డాలరుకే దొరుకుతోంది. అంటే రెండున్నర డాలర్లకు వెయ్యి మైళ్లు. ఇంకేముంది... దుకాణాలన్నీ తిరిగి 12,150 కప్పులు కొనేశాడు. అన్ని లేబుళ్లు పీకడం ఇంటిల్లిపాదికీ అయ్యే పని కాదు. పుడ్డింగంతా సాల్వేషన్ ఆర్మీకి దానమిచ్చి, లేబుళ్లు ఒలిచే పని వాళ్లకే అప్పగించాడు. మొత్తం ఖర్చు 3,140 డాలర్లు. ఖాతాలో పడినవి పన్నెండున్నర లక్షల మైళ్లు. దానం చేసినందుకు పన్ను మినహాయింపు అదనం! పది లక్షలకు పైగా మైళ్లు ఒకే ఎయిర్‌లైన్స్‌లో వేసుకోవడంతో జీవితాంతం గోల్డ్ హోదా కూడా దక్కింది.

ఆ కథ ఇప్పుడు చెప్పుకుని నవ్వుకోవడానికే. ఎందుకంటే, ఆ తర్వాత పాతికేళ్లలో విమాన కంపెనీలు కూడా లెక్కలు బాగానే నేర్చుకున్నాయి.

అసలు ఈ మైళ్ల గోల మొదలైంది 1981లో. అమెరికాలో విమాన చార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ 1978లో తొలగింది. ఎవరి ఇష్టం వచ్చిన ధర వారిది. పోటీలో పాత ప్రయాణికులు చేజారకుండా చూసుకోవడానికి అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఆ ఏడాది మే 1న అడ్వాంటేజ్ పథకం తెచ్చింది. కొద్దిరోజులకే యునైటెడ్ కూడా అదే బాట పట్టింది. సూత్రం చాలా తేలిక. ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్లు. కొన్ని వేల మైళ్లు పోగైతే ఓ టికెట్ ఉచితం. ఎలాగూ ఖాళీగా పోయే సీటే కాబట్టి కంపెనీకి పెద్ద నష్టం లేదు. ఒకప్పుడు మన ఇళ్లలో టీ పొడి కూపన్లు దాచి స్టీలు గిన్నె తెచ్చుకున్నట్టే!

తర్వాత్తర్వాత సిల్వర్, గోల్డ్, ప్లాటినం అంటూ మెట్లు కట్టారు. మెట్టు ఎక్కినవారికి వేరే క్యూ, అదనపు లగేజీ, లాంజ్‌లో కాఫీ టిఫిన్లు, అదృష్టం బాగుంటే బిజినెస్ క్లాసు సీటు. చెకిన్ కౌంటర్ దగ్గర వంద మంది నిలబడి ఉండగా, పక్క నుంచి ఎర్ర తివాచీ మీద నడిచి వెళ్లిపోవడంలో ఉన్న దర్జా రుచి చూసినవారికే తెలుసు. ఆ దర్జా నిలబెట్టుకోవడానికి డిసెంబరు నెలాఖరులో పనీపాటా లేకుండా విమానమెక్కి వచ్చేవాళ్లు అమెరికాలో ఉన్నారు. వాళ్ల భాషలో దాని పేరు ‘మైలేజ్ రన్’.

ఇక్కడే కంపెనీలకు ఓ సంగతి అర్థమైంది. ఎక్కువ దూరం తిరిగేవాడు ఎక్కువ డబ్బిచ్చేవాడు కానక్కర్లేదు. 2015లో డెల్టా, యునైటెడ్, 2016లో అమెరికన్ దూరం లెక్క ఎత్తేసి డాలర్ల లెక్క పెట్టాయి. తేడా ఎంతంటే... ఢిల్లీ నుంచి అమెరికాలోని న్యూవార్క్ వెళ్లి వస్తే దూరం లెక్కన 14 వేల పైచిలుకు మైళ్లు వచ్చేవి. ఆ కొత్త లెక్కలో మామూలు సభ్యుడికి మొదట డాలరుకు ఐదు మైళ్లు. పన్నులు పోను వెయ్యి డాలర్ల టికెట్‌కు ఐదు వేలు. అదే విమానం, అదే సీటు, అదే నడుం నొప్పి. మైళ్లు మాత్రం మూడో వంతు.

దీని వెనక ఇంకో పెద్ద వ్యాపారముంది. మైళ్లను కంపెనీలు ప్రయాణికులకు ఇవ్వడమే కాదు, బ్యాంకులకు అమ్ముతాయి. బ్యాంకులు వాటిని క్రెడిట్ కార్డు వాడేవారికి పంచుతాయి. 2024లో ఒక్క అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచే డెల్టాకు వచ్చింది 740 కోట్ల డాలర్లు! కొవిడ్‌తో విమానాలు నేల మీద నిలిచిపోయినప్పుడు 2020లో యునైటెడ్, డెల్టా, మరుసటి ఏడాది అమెరికన్ అప్పులకు తాకట్టు పెట్టింది ఈ మైళ్ల పథకాలనే. ఇల్లు గడవనప్పుడు బీరువాలోంచి తీసిన నగలన్నమాట. విమానం కన్నా మైళ్లకే గిరాకీ ఎక్కువైనప్పుడు, ఎగిరేవాడి కన్నా కార్డు గీకేవాడే ముద్దొస్తాడు మరి.

2023 సెప్టెంబరులో డెల్టా మరో అడుగు వేసింది. మరుసటి ఏడాది నుంచి హోదాకు కొలబద్ద ఖర్చు ఒక్కటేనంది. అన్నిటికన్నా పైదైన డైమండ్ మెట్టుకు 20 వేల డాలర్ల బదులు 35 వేలు కావాలంది. ఏళ్ల తరబడి నమ్మకంగా తిరిగినవాళ్లు భగ్గుమన్నారు. ప్రత్యర్థి కంపెనీలు ‘మా దగ్గరికి రండి, అదే హోదా ఇస్తాం’ అని పిలుపులు మొదలెట్టాయి. చివరికి డెల్టా అధిపతి ఎడ్ బాస్టియన్ శ్రుతి మించామని ఒప్పుకున్నారు. అక్టోబరులో 35 వేలు కాస్తా 28 వేలయింది. తగ్గించారని జనం ఊపిరి పీల్చుకున్నారు గానీ, పాత లెక్క 20 వేలేనన్నది ఎందరికి గుర్తుందో!

ఆ సెగ చూశాక కూడా బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2025 ఏప్రిల్ నుంచి అదే దారి పట్టింది. పౌండు ఖర్చుకు ఓ పాయింటు, గోల్డ్ హోదాకు ఏడాదిలో 20 వేల పాయింట్లు. చవక టికెట్ వెతికి ఎన్నిసార్లు తిరిగినా ఇక ఆ మెట్టు అందదు.

మన దేశంలో కథ ఇంకో రకం. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగాయి. కింగ్ క్లబ్ పాయింట్లు పోగేసుకున్నవారికి వాటితో ఎక్కడానికి విమానమే లేకపోయింది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగింది. దాని పాయింట్ల పథకం వేరే కంపెనీగా ఉండటంతో ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుని బతికింది. విస్తారా సభ్యులు కాస్త నయం. 2024 నవంబరులో ఎయిరిండియాలో విలీనమైనప్పుడు వారి పాయింట్లు ఒకటికి ఒకటి చొప్పున మహరాజా క్లబ్‌కి మారాయి. అయితే ఎయిరిండియా కూడా అంతకుముందే, ఆ ఏడాది ఏప్రిల్‌లోనే, దూరం వదిలి డబ్బు లెక్కకు మారిపోయింది.

ఇదేం న్యాయమని కోర్టుకెక్కితే? అమెరికాలో ఆ ముచ్చటా తీరింది. మిన్నెసోటాకు చెందిన గిన్స్‌బర్గ్ అనే యూదు మతగురువుకు నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌లో ప్లాటినం హోదా ఉండేది. లగేజీ ఆలస్యమైందనీ మరొకటనీ ఆయన ఏడు నెలల్లో 24 సార్లు ఫిర్యాదు చేశాడు. విసిగిపోయిన కంపెనీ 2008లో ఆయన సభ్యత్వమే రద్దు చేసింది. నమ్మకద్రోహమంటూ ఆయన వేసిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2014 ఏప్రిల్‌లో న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా కంపెనీ వైపే తీర్పిచ్చారు. నిబంధనల పత్రంలో ‘దుర్వినియోగం జరిగిందో లేదో మేమే నిర్ణయిస్తాం’ అని ముందే రాసి ఉంది. 1978 నాటి చట్టం ప్రకారం దానికి మించిన ‘మంచి మనసు’ను రాష్ట్ర న్యాయసూత్రాల పేరుతో కంపెనీ నుంచి కోరడం కుదరదన్నారు. పెన్ను వాళ్లదే, కాగితమూ వాళ్లదే!

ఈ గొడవంతా మనకెందుకనుకోవడానికి వీల్లేదు. హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహాల మీదుగా డాలస్‌కో న్యూజెర్సీకో కొడుకూ కోడలి దగ్గరికి వెళ్లొచ్చే అమ్మానాన్నలకు రానూపోనూ సుమారు 17 వేల నుంచి 19 వేల మైళ్ల ప్రయాణం. చాలామంది సభ్యత్వ నంబరే టికెట్‌లో వేయించుకోరు. వేయించుకున్నవారు ‘ఎప్పుడో అందరం కలిసి వెళ్లినప్పుడు వాడదాంలే’ అని దాస్తారు. ఎమిరేట్స్ మైళ్లకు గడువు మూడేళ్లు. డెల్టా, యునైటెడ్ మైళ్లకు గడువే లేదు. కానీ ఏ ఊరికి ఎన్ని మైళ్లో చెప్పే పట్టికను డెల్టా 2015లో, యునైటెడ్ 2019లో తీసేశాయి. ఇవాళ 40 వేల మైళ్లు చాలన్న టికెట్‌కు వచ్చే వేసవిలో 80 వేలు అడిగినా అడగవచ్చు. బ్యాంకులో వేసిన డబ్బుకు కనీసం వడ్డీ వస్తుంది. ఇక్కడ దాచినకొద్దీ తరుగే.

అందుకే ఈ ఆటలో ఆరితేరినవాళ్లు మైళ్లు పోగుచేయడం కన్నా ఖర్చు చేయడం మీదే కన్నేస్తారు. టికెట్‌కు సరిపడా పోగయ్యాయా, వెంటనే బుక్ చేసేస్తారు. ఇంటిల్లిపాది మైళ్లనూ ఒకే ఖాతాలో కలిపే వీలు కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి. అమ్మకో ఐదు వేలు, నాన్నకో ఐదు వేలు విడివిడిగా మురిగిపోకుండా అది పనికొస్తుంది. ఇక గోల్డ్ కార్డు కోసం అవసరం లేని టికెట్ కొనబోయేవారు... ఆ డబ్బుతో ఒక్కరోజు లాంజ్‌లో కూర్చోవడానికి ఎంతవుతుందో ముందు అడిగి చూడాలి.